వీధి మలుపులో కూర వాసన

ఆ వారమంతా దస్తగిరికి తిన్నది ఒంటబట్టలేదు. కారణం ఒకే ఒక్క మాట. పోయిన గురువారం ఖాసిం బాబా తన శిష్యులందరితో పీరయ్య ఇంటికి భోజనానికి వెళ్ళి, "వీధి మలుపు తిరగ్గానే నోరూరింది నాయనా" అన్నాడు.

అందరి ముందూ అన్నాడు! పీరయ్య బాబా దగ్గర చేరి నిండా ఏడాది కాలేదు. దస్తగిరి జుట్టు నెరిసిందే బాబా సేవలో. ఎన్నిసార్లు వండిపెట్టినా బాబా తిని, చెయ్యి కడుక్కుని, "అల్లా చల్లగా చూడాలి" అని లేచేవాడు. అంతే. మరి కుళ్ళు పుట్టదూ? పీరయ్య ఎదురొస్తే చాలు, దస్తగిరి పక్క సందులోకి మళ్ళేవాడు.

ఈ గురువారం బాబా తన ఇంటికి రావాలి. దస్తగిరి పంతం పట్టాడు. భార్యను కూడా పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నాటుకోడి తెచ్చి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించాడు. ధనియాలు, లవంగాలు, గసగసాలు, ఎండుకొబ్బరి దోరగా వేయించి రోట్లో నూరాడు. పొగకు కళ్ళు ఎర్రబడి, ముక్కు దిబ్బడేసినా కదలకుండా, నూనె పైకి తేలేదాకా సన్నసెగ మీద ఉడికించాడు.

బాబా వచ్చి కూర్చున్నాడు. దస్తగిరి కాస్త పులుసు అరచేతిలో వేసుకుని నాకాడు. మళ్ళీ నాకాడు. మొహం వాడిపోయింది.

"బాబా, దీనికి రుచీ లేదు, వాసనా లేదు. వాడి చేతిలో ఉన్నదేదో నా చేతిలో లేదు. ఈ కూర పారబోసేస్తా. రేపటినుంచి మీ గడప తొక్కను. ఇక వాడే వండిపెట్టుకుంటాడు మీకు."

బాబా గిన్నె మీద మూత కొంచెం పక్కకి జరిపాడు.

"పారబొయ్యి. ఎవడొద్దన్నాడు? ముందు వీధి చివర కొళాయి దాకా వెళ్ళి మొహం కడుక్కుని రా."

దస్తగిరి విసురుగా వెళ్ళాడు. ముక్కూ మొహమూ కడుక్కుని, కాసేపు చల్లగాలికి నిలబడ్డాడు. తిరిగి మలుపులోకి వచ్చాడో లేదో, గుప్పుమంది వాసన. అబ్బ! వేగిన కొబ్బరి, లవంగం, నాటుకోడి. నోట్లో నీళ్ళూరాయి. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది.

"ఓరి వీడి దుంపతెగ! బాబా నా ఇంటికొచ్చిన రోజే పోటీకి వండాలా?"

దారిలో ముందు పీరయ్య ఇల్లే వస్తుంది. దస్తగిరి తలుపు దబదబా బాదాడు.

"ఏరా పీరయ్యా, ఇవాళొక్క రోజు కోడికూర వండకపోతే చస్తావా?"

పీరయ్య తెల్లబోయాడు. "మా పొయ్యిలో పిల్లి లేవలేదన్నా! పొద్దుటినుంచి మీ ఇంట్లోంచి వచ్చే వాసనకి, కోడికూర కావాలని పిల్లలు నా ప్రాణం తోడేస్తున్నారు."

దస్తగిరి వాసన వస్తున్న వైపు చూశాడు. అది తన వాకిలే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పిల్లల్ని తీసుకుని రా" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

వాళ్ళందరినీ వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, జరిగింది దాచకుండా బాబాకు తనే చెప్పాడు. బాబా పిల్లల ముందు పళ్ళేలు పరుస్తూ పకపకా నవ్వాడు.

"ఇంతకీ, ఇందాక మలుపులో నువ్వు ఎవరిని చూసి కుళ్ళుకున్నావురా దస్తగిరీ?"