అంబలిపాటి చుట్టరికం

ఒకానొక రాజ్యంలో, ఆ రాజ్యం పేరు చెబితే ఇప్పటికీ పౌరుషానికి వచ్చేవాళ్ళున్నారు కనుక నేను చెప్పను, చండవిక్రమ భూపతి అనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ పొగడ్తంటే చెవి కోసుకునేవాడు. భోజనానికి ముందు ఆయన బిరుదులన్నీ చదివి ముగించేసరికి వడ్డించిన అన్నం చల్లారిపోయేది.

ఆ రాజ్యంలో అంబలిపాడని ఒక చిన్న ఊరు. బండ్ల బాట పక్కన వారానికోసారి సంత జరిగే ఊరు. సంతవాకిట్లో నిలువెత్తు రాయి మీద ఊరి చరిత్ర చెక్కి ఉండేది. పూర్వం పెద్ద కరువొచ్చి జనం వలసపోతుంటే, పోలమ్మ అనే ఒంటరి ఆడది తన దగ్గరున్న చోళ్ళతో అంబలి కాచి బాట పక్కన కూర్చుని వచ్చినవాళ్ళకల్లా పోసింది. తాగినవాళ్ళు ఊరికే పోలేక, తలా ఇన్ని కట్టెలూ గింజలూ తెచ్చి ఆ పొయ్యి ఆరకుండా చూశారు. చివరికి కరువు పోయింది గానీ వాళ్ళు పోలేదు. ఆ పొయ్యి చుట్టూ లేచిందే అంబలిపాడు.

ఒకసారి పొరుగు రాజు వేటకు వచ్చాడు. ఇద్దరు రాజులూ ఎండకు ఆగి సంతవాకిట్లో దిగారు. కొత్తవాళ్ళొస్తే రాతి సంగతి చెప్పడం పుల్లమ్మ అనే ముసలమ్మకు వంశపారంపర్యంగా వచ్చిన పని. ఆవిడ తన పని తాను చేసింది. అంతా విని పొరుగు రాజు, "మరి అప్పుడు ఈ దేశపు రాజు ఏం చేస్తున్నాడవ్వా?" అని అడిగాడు.

"కోట తలుపులేసుకున్నాడు బాబూ," అంది పుల్లమ్మ. "రాతి మీద ఉందిగా, ఆఖరి వరసలో."

తలుపులేసుకున్న ఆ రాజు సాక్షాత్తూ చండవిక్రముడి ముత్తాత. పొరుగు రాజు నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. మన రాజుకు తల కొట్టేసినట్టయింది.

కోటకు చేరీ చేరగానే ఆయన మాచన కవిని పిలిపించాడు. పండగలకూ పబ్బాలకూ సభలో రాజవంశావళి చదివేది మాచనే. పద్యం కంటే మాట పదునైనవాడు. వాళ్ళమ్మ పుట్టిల్లు అంబలిపాడే గానీ, ఆ సంగతి రాజు ఎన్నడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

దసరాకల్లా ఆ రాయి పెళ్ళగించాలనీ, కొత్త రాయి నిలపాలనీ, ఆ కరువులో ముత్తాతగారే ధాన్యం పంచి ఊరు కట్టించినట్టు శాసనం రాయాలనీ రాజు ఆజ్ఞాపించాడు. ఊరి పేరు కూడా ధర్మభూపాలపురమని మారిపోవాలట. ఊరివాళ్ళకు ఆ రాయి దేవుడితో సమానమని మాచన నసిగాడు.

"ఊరు నాది, రాయి నాది. చరిత్ర మాత్రం వాళ్ళదా?" అన్నాడు రాజు. "నువ్వు రాయకపోతే రాసేవాళ్ళు నలుగురున్నారు."

ఆ మాట నిజమే. ఇంకెవరైనా రాస్తే పోలమ్మ పేరు అంతటితో సరి. మాచన దండం పెట్టి ఒప్పుకున్నాడు.

కబురు విని పుల్లమ్మ పడుతూ లేస్తూ కోటకు వచ్చి మాచన ఇంటి అరుగు మీద కూలబడింది. తన నోటిమాట వల్లే ఇంత జరిగిందని ఆవిడ ఏడుపు. "అబద్ధం చెప్పడం నాకు చేతకాదు నాయనా. ఇప్పుడు పోలమ్మ తల్లికి నేనేం జవాబు చెప్పుకునేది?" అంది.

మాచన ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిణ్ణి ఊరడించి, ఒక్క పని చేయమన్నాడు. ఇకనుంచి ఊళ్ళో ఎవరింట బిడ్డ పుట్టినా, ఎవరు కాలం చేసినా, తక్షణం కోటకు కబురు పంపాలి. వేరే ఏమీ అడగనక్కర్లేదు, ఏడవనూ అక్కర్లేదు. పుల్లమ్మకు ఏమీ బోధపడలేదు గానీ సరేనని వెళ్ళింది.

పది రోజులకు మాచన శాసనం రాసుకొచ్చి నిండు సభలో చదివాడు. ముత్తాతగారు ధాన్యం పంచారన్నాడు. అక్కడితో ఆగక, "అట్టి మహారాజు దిక్కులేని ఆ జనమునెల్ల తన బిడ్డలుగా దత్తు తీసుకొని, తన గోత్రమును, తన ఇంటిపేరును ప్రసాదించి, ఊరు ఊరంతయు తన వంశమే కావించెను," అని గొంతెత్తాడు.

రాజు సింహాసనం మీద ఒక్క ఎగురు ఎగిరాడు. పొరుగు రాజుకు ఉన్నది చారెడు బంధుబలగం. తనకో, ఊరంతా వంశమే. రాజపురోహితుడు శేషావధానులు లేచి, "ప్రభూ, ఆ దత్తత మాట కాస్త..." అని ఏదో అనబోయాడు. అసూయపడవద్దని రాజు ఆయన్ను కూర్చోబెట్టాడు. అప్పటికప్పుడే రాజముద్ర పడింది. మర్నాడు రాజ్యమంతటా దండోరా వేశారు.

దసరా వచ్చింది. కొత్త రాయి చెక్కి బండికి ఎత్తారు. తొమ్మిది రోజులు కత్తికి పూజ చేసి, విజయదశమి నాడు ఏనుగెక్కి ఊరేగింపుగా వెళ్ళి రాజు స్వహస్తాలతో ఆ రాయి నిలపాలని ఏర్పాటు. పొరుగు రాజుకు ప్రత్యేకంగా ఆహ్వానం వెళ్ళింది. పాడ్యమి నాడు రాజు పట్టుబట్ట కట్టుకుని పీట మీద కూర్చున్నాడో లేదో, అంబలిపాడు నుంచి మనిషి వచ్చాడు. కుమ్మరి లచ్చయ్య కోడలు మగపిల్లవాణ్ణి కన్నదట.

సంతోషం, వాడికో పట్టుచొక్కా ఇప్పించండన్నాడు రాజు. శేషావధానులు మాత్రం కలశం పక్కకు జరిపేశాడు.

"ప్రభువులు పీట మీంచి లేవాలి," అన్నాడు. "జ్ఞాతుల ఇంట పురుడు వచ్చింది. ముత్తాతగారి సంతతంటే ఎంతో దూరం కాదు, ఏడు తరాలదాకా తప్పదు. పది రోజులు పూజకు పనికిరారు."

"రాజుకు కూడా మైలేనా?"

"సింహాసనమెక్కి తీర్పు చెప్పడానికి మైల లేదు ప్రభూ. పూజకుంది. ఆ రోజు నేను చెప్పబోయింది ఈ సంగతే."

ఆ విధంగా చండవిక్రమ భూపతికి పురుడు వచ్చింది. గంధం లేదు, పూలదండ లేదు, కత్తి ఒరలోంచి బయటికి రాలేదు. విజయదశమికి దిగిన పొరుగు రాజు ఈ వాలకం చూసి ఎవరికేమైందని కంగారుపడ్డాడు. కుమ్మరివారింట బిడ్డ పుట్టాడని చెప్పారు. ఆయన, తల్లీబిడ్డా క్షేమమేనా అని పరామర్శించి వెళ్ళాడు.

పూజా, ఊరేగింపూ, రాయి నిలపడమూ పున్నమికి వాయిదా పడ్డాయి. చావుపుట్టుకలు మాచన చేతిలో లేవు. కానీ ఊరన్నాక ఏదో ఒకటి జరక్క మానుతుందా? పున్నమి ఇంకా రెండు రోజులుందనగా గొర్రెల కాపరి నారప్ప తాత, నిండుగా బతికి ముని మనవళ్ళను ఎత్తుకున్నవాడు, మధ్యాహ్నం మజ్జిగన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. ఏడుస్తూనే కబురు పంపారు అంబలిపాటివాళ్ళు.

శేషావధానులు ఈసారి తల వంచుకుని మరీ చెప్పాడు. పోయినవాడు రాజుగారికంటే పెద్దవాడు. పదోరోజున చిన్నవాళ్ళైన జ్ఞాతులంతా క్షౌరం చేయించుకోవాలి. తలతోపాటు మీసం కూడా.

ఇక్కడ ఆ మీసం సంగతి చెప్పాలి. అటూ ఇటూ చెవులదాకా వెళ్ళి పైకి తిరిగిన మీసం అది. దానికి ఆముదం రాయడానికి ఒక మనిషి, దువ్వడానికి ఒక మనిషి ఉండేవారు. బిరుదుల్లో సగం దాన్ని చూసి ఇచ్చినవే.

తొమ్మిది రోజులు రాజు బింకంగానే ఉన్నాడు. పదోరోజు పొద్దున క్షురకుడు వచ్చి వాకిట్లో కూర్చుని కత్తి నూరడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు వినేసరికి రాజు బింకం సడలి, మాచనను ఉన్నపళంగా రమ్మన్నాడు.

"మాచనా, నువ్వు రాసిన శాసనం నా మీసం మీదికి వచ్చింది."

"నేనేం చేసేది ప్రభూ? కీర్తి అంటించుకుంటే దాంతోపాటు అంటు కూడా అంటుకుంటుంది."

"నీకిది ముందే తెలుసా?"

"తెలుసు. ఆ ఊరి పెళ్ళిళ్ళ సంగతి కూడా తెలుసు. ఒకే గోత్రమయ్యాక వాళ్ళలో వాళ్ళకు పెళ్ళిళ్ళు కుదరవు. ఆడపిల్లలందరూ ప్రభువుల చెల్లెళ్ళే కనుక సంబంధాలు తమరే వెతకాలి. ఇప్పటికి పాతికమంది దాకా పెళ్ళీడుకొచ్చి ఉన్నారు."

రాజు రెండు చేతులతో మీసం పట్టుకున్నాడు. దండోరా వేయించిన మాట వెనక్కి తీసుకుంటే పరువేం కావాలని అడిగాడు. ఈసారి గొంతులో దర్పం లేదు.

"మాట తమది కాదు, నాది," అన్నాడు మాచన. "కవి అతిశయోక్తి అలంకారం మోతాదు మించి వాడాడని దండోరా వేయించండి. తిట్లు నేను పడతాను. కొత్త రాయి ఇంకా బండి మీదే ఉంది. పాత రాయి ఉన్నచోటనే ఉంటే వాళ్ళు పోలమ్మ మనుషులు. తమకు పురుడూ లేదు, మైలా లేదు."

వాకిట్లో కత్తి నూరే చప్పుడు ఆగింది. అప్పుడు రాజుకు, తల్లీబిడ్డా క్షేమమేనా అని అడిగిన పొరుగు రాజు ముఖం జ్ఞాపకం వచ్చింది. ముందు పెదవి కొరుక్కున్నాడు. ఆ తర్వాత ఆగలేక, సింహాసనం చేతులు చరుస్తూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. క్షురకుణ్ణి పంపించేయమన్నాడు, అంబలిపాటి రాయి జోలికి ఎవరూ పోకూడదన్నాడు. తన చేతి కంకణం తీసి మాచనకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"ఆ పాత రాతి మీద, ఆఖరి వరస కింద నాలుగు వేళ్ళ జాగా ఖాళీగా ఉంది ప్రభూ. అది నాకిప్పించండి."

"ఏం రాస్తావు?"

"ఇప్పుడేం రాయను. ఈసారి కరువొచ్చిన ఏడు, కోట తలుపులు ఎలా ఉన్నాయో చూసి రాస్తాను."

రాజు మాచన వంక చూశాడు, మీసం మీంచి చెయ్యి తీశాడు. జాగా ఇచ్చానన్నాడు. ఆ సాయంత్రమే ధాన్యపు కొఠారు గడియలకు తుప్పు వదిలించమని మనిషిని పంపాడట.