లప్పం కింద బీట

ధవళేశ్వరంలో కోదండపాణి అనే ఆయన ఉండేవాడు. పాత మిషన్లను బాగుచేయడంలో ఎంత నేర్పరో, తన పనిలో లోటు ఉందని ఒప్పుకోవడంలో అంత పిసినారి.

ఆయన సేకరించేవి చెక్కను నునుపు చేసే మిషన్లు. వాటికి గుండ్రటి ఇనప పళ్లెం ఉంటుంది. పళ్లెం మీద ఉప్పు కాగితం అంటిస్తారు. అది గిర్రున తిరుగుతుంటే చెక్కను ఆనించి అరగదీస్తారు. చేతిలో ఇమిడే కొత్త మిషన్లు వచ్చాక ఈ బరువైన వాటిని పట్టించుకునేవాళ్లు లేకపోయారు. మూతపడ్డ సామిల్లుల్లో, పాత ఇనప సామాను కొట్లలో తుప్పుపట్టి పడి ఉండేవి. కోదండపాణి వాటిని వెతికి, బతిమాలి ఇంటికి తెచ్చుకునేవాడు. నెలల తరబడి తుప్పు గీకి, ఇరుసులు కడిగి, గ్రీజు పట్టించి, చివరికి ముదురాకుపచ్చ రంగు వేసేవాడు. పెరట్లో రేకుల షెడ్డు నిండా అవే. చూడడానికి పక్క ఊళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు.

"ఒక్క భాగం కూడా కొత్తది కాదండీ. అన్నీ అప్పటివే" అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి, పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

ఒక వేసవిలో, మూతపడ్డ తలుపుల కార్ఖానా నుంచి ఆయనకు చాలా పెద్ద మిషను దొరికింది. పళ్లెమే రెండున్నర అడుగుల వెడల్పు ఉంది. తుప్పు గీకుతుంటే పళ్లెం వెనకవైపు, ఇరుసు దగ్గర, వెంట్రుకంత సన్నని గీత కనిపించింది. కోదండపాణి కొయ్య సుత్తితో తట్టి చూశాడు. పోత ఇనుము బాగుంటే ఖంగుమని మోగుతుంది. ఇది పగిలిన కుండలా బొంగురుగా పలికింది.

కాఫీ తెచ్చిన భార్య హైమావతి ఆ చప్పుడు విని ఆగింది.

"బీటిచ్చిందా?" అని అడిగింది.

"సన్న గీత. అంతే."

"పళ్లెం ఒక్కటీ కొత్తది పోత పోయించకూడదూ?"

"పోయిస్తే, అన్నీ అప్పటివేనని ఏ మొహంతో చెప్పను? అయినా దీన్ని ఎవరు తిప్పబోతున్నారు? చూడ్డానికేగా" అన్నాడు కోదండపాణి.

ఆయన గీతలో లప్పం కూరాడు. ఆరాక నున్నగా రుద్దాడు. రెండు పూతలు రంగు వేశాడు. ఆ తర్వాత ఆ గీత ఎక్కడుందో ఆయనే వెతుక్కోవాల్సి వచ్చింది.

దసరా వచ్చింది. ఏటా మహర్నవమి నాడు ఊళ్లోని వడ్రంగులందరూ ఆయుధపూజకు ఆ షెడ్డుకే వచ్చేవారు. మిషన్లకు పసుపు కుంకుమలు పెట్టి, వచ్చినవాళ్లలో పెద్దవాడు ఒక మిషను తిప్పి మొదటి చెక్క పట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు పెద్దవాడు సోమలింగాచారి. అరవై ఎనిమిదేళ్లు. గుమ్మాలు, ద్వారబంధాలు చేస్తూ ఇంకా సొంత చేతులతోనే ఇల్లు గడుపుకుంటున్నాడు. ఆయన కోసం కోదండపాణి ఒక చిన్న మిషను సిద్ధంగా ఉంచాడు.

సోమలింగాచారి దాన్ని చూడలేదు. నేరుగా పెద్ద మిషను దగ్గరికి వెళ్లి నిలబడిపోయాడు.

"ఇది తలుపుల కార్ఖానాలోది కదండీ? ముప్పై ఏళ్లు దీని ముందే నిలబడ్డానండి. ఇప్పుడు కొత్త పెళ్లికూతురిలా ఉంది. దీన్నే తిప్పుతానండి ఇవాళ" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు.

"దానికి మోటారు ఇంకా సరిచూడలేదండీ ఆచారిగారూ" అని కోదండపాణి గొణిగాడు.

"మొన్న మాకు చెక్క పట్టకుండా ఉత్తినే తిప్పి చూపించారు కదండీ, వెన్నలా తిరిగింది" అన్నాడు వెనక నుంచి ఒకాయన. పాపం, మెచ్చుకోలుగానే అన్నాడు.

సోమలింగాచారి బల్ల మీదున్న కొయ్య సుత్తి తీసుకున్నాడు. కార్ఖానాలో రోజూ మిషను తిప్పేముందు పళ్లెం వెనక ఒక్కసారి తట్టి, ఆ మోత వినడం ఆయనకు అలవాటు. సుత్తి పైకి లేచింది. అది తగిలితే ఇరవైమంది ముందు ఆ బొంగురు చప్పుడు బయటపడుతుంది. కోదండపాణి చప్పున ముందుకు వచ్చాడు.

"వద్దండీ, రంగు పెచ్చు లేస్తుంది. నేను అన్నీ చూశాను" అన్నాడు.

"మీరు చూశాక ఇంకేముందండి" అని సోమలింగాచారి సుత్తి కింద పెట్టేశాడు.

మిషను తిరిగింది. ముసలాయన కళ్లు చెమర్చాయి. టేకు చెక్క తీసి పళ్లేనికి ఆనించాడు. పొడి ఎగిరింది. మరుక్షణం షెడ్డు దద్దరిల్లింది. పళ్లెం రెండు ముక్కలైంది. ఒక ముక్క రేకును చీల్చుకుని పోయింది. రెండోది సోమలింగాచారి కుడిచేతికి తగిలింది.

ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేశారు. మిగిలినవాటితో ఆయన ఇక ఉలి పట్టలేడు.

పాత ఇనుము కదా, ఎవరేం చేస్తారని ఊళ్లో అనుకున్నారు. కోదండపాణిని ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడో రోజు ఉదయం ఆయన పళ్లు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. సోమలింగాచారి ఆయన్ని చూసి లేచి కూర్చోబోయాడు.

"మన్నించండి. చెక్క గట్టిగా నొక్కేనేమోనండి. అంత కష్టపడి బాగుచేసుకున్నారు, మీ మిషను పాడుచేశాను" అన్నాడు.

కోదండపాణి మంచం పక్కన నేల మీదే కూలబడ్డాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఆ క్షమాపణను మోయడం ఆయన వల్ల కాలేదు.

"మీరు నొక్కినందుకు కాదండీ. పళ్లెం ముందే బీటిచ్చింది. నేను చూశాను. లప్పం పెట్టి రంగు వేశాను. నలుగురిలో తలవంపులవుతుందని మిమ్మల్ని తట్టనివ్వలేదు" అన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

సోమలింగాచారి కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. ఆయన తిడితే బాగుండునని కోదండపాణికి అనిపించింది. ఆయన తిట్టలేదు.

"ఇలా ఇంకా వేటికైనా లప్పం పెట్టారా?" అని అడిగాడు.

"ఒకదానికి. కడియంలో చెక్కబొమ్మలు చేసే అక్కచెల్లెళ్లు అడిగితే ఇచ్చేశాను."

"వాళ్లు దాన్ని తిప్పుతున్నారా?"

"రోజూ."

"మరి ఇక్కడ కూర్చుని ఏడుస్తారేంటండీ! ముందు అక్కడికి వెళ్లండి" అని సోమలింగాచారి గట్టిగా అరిచాడు.

కోదండపాణి పరుగెత్తాడు. ఆయన కడియం చేరేసరికి మిషను తిరుగుతూనే ఉంది. అక్క చిలక బొమ్మను పళ్లేనికి ఆనించి ఉంది. చుట్టూ పదిమంది పనివాళ్లున్నారు.

"ఆపండమ్మా! పళ్లెం బీటిచ్చింది, పేలిపోతుంది" అని గుమ్మంలోనే కేకపెట్టాడు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని మిషను ఆపింది.

"మీకెలా తెలుసండీ?"

"ఇచ్చేటప్పుడే తెలుసు."

"తెలిసే ఇచ్చారా?"

"తెలిసే ఇచ్చాను" అన్నాడు కోదండపాణి, అందరి ముందూ.

లోపలి నుంచి చెల్లెలు వచ్చి ఆయన ముఖం మీదే తలుపు వేసేసింది. ఆ సాయంత్రానికి సంగతి ధవళేశ్వరం దాకా పాకింది, ఆ తర్వాత ఆయన షెడ్డు చూడడానికి ఎవరూ రాలేదు. ఆ అక్కచెల్లెళ్ల నాలుగు చేతులూ మాత్రం చెక్కుచెదరకుండా మిగిలాయి.

మన పనిలో లోటును మనమే ముందుగా చెప్పాలి. పరువు కోసం దాన్ని దాచిపెడితే, దెబ్బ తగిలేది మనల్ని నమ్మి చెయ్యి పెట్టినవాళ్లకు.