పిన్నిరేవులో మారిన ఒక్క అక్షరం

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి పేరు మబ్బేరు. ఏటి ఒడ్డున ఒక రాజధాని, దాని పేరు పిన్నిరేవు. రాజధానికి ఇంత సాదా పేరేమిటని మూతి ముడవకండి, పిల్లలూ. అలా మూతి ముడిచిన ఒక రాజు వల్లే ఈ కథ పుట్టింది. చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెప్తాను, వినండి.

మొదట్లో అక్కడ ఊరు లేదు. ఇసుక, తుంగ, కొన్ని గుడిసెలు ఉండేవి. ఒక గుడిసెలో పోలమ్మ అనే పడవామె ఉండేది. ఒక వానాకాలం పొద్దున ఆవలి ఒడ్డున ఒక కుర్రవాడు వచ్చి నిలబడ్డాడు. తడిసిన పంచె, ముళ్ళు దిగిన కాళ్ళు. అతణ్ణి చంపడానికి వెనక సొంత అన్నలే కత్తులు పట్టుకుని వస్తున్నారు.

"పిన్నీ, దాటించవా?" అని కేకేశాడు.

"ఎవరివయ్యా?" అంది పోలమ్మ.

"దిక్కులేనివాణ్ణి."

ఆమె ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు. ఊరేదనీ కులమేదనీ అడగలేదు. గెడ తీసుకుని పడవ తోసింది, అతణ్ణి ఇవతలికి చేర్చింది, గంజి పోసింది.

ఆ కుర్రవాడే కేతురాజు. తరవాత బలం కూడగట్టుకుని ఆ ఒడ్డునే కోట కట్టాడు. ఊరికి తన పేరు పెట్టుకోలేదు. తనను దాటించిన పిన్ని రేవు కనుక పిన్నిరేవు అన్నాడు. అంతే కాదు, ఆవలి ఒడ్డున నిలబడి ఎవరు దిక్కులేనివాణ్ణని పిలిచినా, పేరూ ఊరూ అడగకుండా దాటించాలని కట్టడి చేశాడు.

ఊరు పెరిగింది. తుంగచాపలు నేసేవాళ్ళు వచ్చారు, కంచుపని వాళ్ళు వచ్చారు, దూరదేశాల వర్తకులు వచ్చి మేడలు కట్టారు. ఎంత పెరిగినా రేవు దగ్గర పడవలకు పూసే గుగ్గిలం వాసన పోలేదు, పడవామెను పిన్నీ అని పిలవడమూ పోలేదు. పెళ్ళిళ్ళలో చూడాలి సరదా. ఎంత కలవారి పిల్లవాడైనా పెళ్ళికూతురి పిన్ని గుమ్మంలో అడ్డంగా నిలబడి "ఎవరివయ్యా?" అనేది. తలపాగా సర్దుకుని, సిగ్గుపడుతూ, "దిక్కులేనివాణ్ణి పిన్నీ" అంటేనే లోపలికి రానిచ్చేది. అందరూ విరగబడి నవ్వేవారు.

ఇక ఏటా మబ్బేటికి కొత్తనీరు వచ్చిన రోజున రాజే ఆవలి ఒడ్డుకు వెళ్ళేవాడు. గొడుగు లేదు, చెప్పులు లేవు. అక్కడ నిలబడి అదే కేక వేసి, అదే మాట చెప్పి, పోలమ్మ వంశపు పడవలో తిరిగొచ్చేవాడు. రాజు నోట ఆ మాట వినడానికి ఊరంతా గట్టు మీద నిలబడేది.

చాలామంది రాజులు అలాగే చేశారు. వాళ్ళెవరికీ కిరీటం ఊడిపోలేదు.

ఆ తరవాత రణకేతుడు గద్దెనెక్కాడు. ఇతనికి ఊరి పేరు చెప్పుకోవాలంటేనే చిన్నతనం. పొరుగు రాజు ఒకసారి విందులో, "మీ పిన్నిగారి రేవు బాగుందా?" అని నవ్వాడట. అది ముల్లులా గుచ్చుకుంది.

ఆస్థాన పండితుడు శ్రుతకీర్తికి రాజుగారి ముఖం చూసి మాట్లాడే విద్య బాగా తెలుసు. "ప్రభూ, ఇది పిన్నిరేవు కానే కాదు," అన్నాడు. "శివుడు తన విల్లు పినాకాన్ని ఈ ఒడ్డునే దించి నీళ్ళు తాగాడు. ఇది పినాకపురం. పామరుల నోళ్ళలో నలిగి పిన్ని అయింది."

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. దండోరా వేయించాడు. విల్లుందో లేదో మనకు తెలియదు కాని, పోలమ్మ ఉంది కదా. ఆమెను ఒక్క పూటలో ఊరి పేరులోంచి తోసేశారు.

మరుసటి ఏడు కొత్తనీరు దగ్గరపడింది. "నేను దిక్కులేనివాణ్ణని జనం ముందు ఎలా అనను?" అన్నాడు రాజు.

"అనక్కర్లేదు ప్రభూ. మీ వంశకర్త అన్న మాట దిక్కులేలేవాణ్ణి. దిక్కులన్నిటినీ ఏలేవాణ్ణని అర్థం. పడవామె చెవికి సరిగా వినబడలేదు."

చూశారా ఎంత తేలికో. ఒక అక్షరం తీసి ఇంకో అక్షరం పెట్టాడు. ప్రాణభయంతో వణికిన కుర్రవాడు కాస్తా లోకాన్ని ఏలేవాడైపోయాడు, చెయ్యి అందించిన ఆడమనిషి చెవిటిదైపోయింది. ఆ కొత్త మాట రాతి మీద చెక్కించి రేవులో పాతారు. ఊళ్ళో పెద్దమనుషులు చాలామందికి నిజం తెలుసు. అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. నాకు రాజు మీద కన్నా వాళ్ళ మీదే ఎక్కువ కోపం.

అప్పుడు రేవులో పడవ నడిపేది సన్నెమ్మ. పోలమ్మ వంశం. ఆమె రాతిని ఒకసారి చూసి, "రాళ్ళకేం, ఏది చెక్కితే అదే చెప్తాయి," అని పడవ కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మూడో ఏట రాజు ఇంకో అడుగు వేశాడు. పాత మాట ఎవరి నోట వినబడినా అది తనను ఎగతాళి చెయ్యడమే అన్నాడు. పెళ్ళిళ్ళలో కూడా అనకూడదన్నాడు. ఆవలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళు ఇకమీదట పేరు, ఊరు, వంశం చెప్పుకోవాలి. భటులు ఒప్పుకుంటేనే పడవ కదలాలి. ఆ ఆజ్ఞ ఎవరూ మీరకుండా ఉండాలని రేవులో పడవలన్నిటికీ గొలుసులు వేయించాడు.

ఆ ఏడే ఎగువన చెరువుల గట్లు తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. మూటలతో, ముసలివాళ్ళతో, చంకన పిల్లలతో జనం ఆవలి ఒడ్డుకు చేరారు. వాళ్ళకు రాజుగారి కొత్త అక్షరం సంగతి ఏం తెలుసు? తాతల నాటి కేకే వేశారు.

"పిన్నీ, దాటించవా? దిక్కులేనివాళ్ళం."

సన్నెమ్మ గెడ పట్టుకుని రేవుకు పరిగెత్తింది. కావలి నాయకుడు అడ్డం నిలిచాడు.

"వద్దు పిన్నీ. వాళ్ళన్న మాట విన్నావుగా. రాజాజ్ఞ."

"నన్ను పిన్నీ అంటావు, వాళ్ళూ పిన్నీ అంటున్నారు. నీకు పలికి వాళ్ళకు పలకకుండా ఎట్లా ఉండనురా?"

నాయకుడు తల దించుకున్నాడు. గొలుసు మాత్రం విప్పలేదు.

జనం ఇసుకలోనే కూర్చున్నారు. వాన పడుతూనే ఉంది. రోజులు గడిచాయి. ఒక తల్లి ఒళ్ళో పసిపిల్ల జ్వరంతో కళ్ళు మూసింది. ఇవతలి మేడల్లోంచి అందరూ చూశారు, తలుపులు వేసుకున్నారు. ఇది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, కాని చెప్పకుండా దాటెయ్యడం ఇంకా పెద్ద పాపం.

అంతలో కొత్తనీటి పండగ వచ్చింది. రాజు బంగారు రేకులు తాపిన హంసపడవలో, గొడుగు కింద, మేళతాళాలతో ఆవలి ఒడ్డుకు వెళ్ళాడు. పక్కన శ్రుతకీర్తి. అక్కడ రాజు కోసం పట్టు పరిచిన తిన్నె ఉంది. దాని చుట్టూ బురదలో జనం ఉన్నారు.

"వీళ్ళేమిటి ఇక్కడ?" అన్నాడు రాజు.

"దిక్కులేని..." అనబోయి ఒక ముసలామె ఆగింది. పక్కవాళ్ళు ఆమె కొంగు లాగారు.

"వేడుక అయ్యేదాకా దూరంగా పొమ్మనండి," అన్నాడు రాజు.

పిల్లను పోగొట్టుకున్న తల్లిని కూడా బల్లేలతో వెనక్కి నెట్టారు. రాజు తిన్నె ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

మబ్బేరు ఆయన గొంతు సవరించుకోవడం కోసం ఆగలేదు. ఎగువ నుంచి ఎర్రటి నీరు గోడలా వచ్చింది. వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన ఒక చింతమాను హంసపడవను గుద్దింది. చూడ్డానికి చేసిన పడవ కదా, రెండు ముక్కలైంది. ఒడ్డు చుట్టూ నీరు కమ్మింది. దారి మునిగేలోపే భటులు పైనున్న మిట్టకు పరిగెత్తారు. రాజు, పండితుడు, ఊళ్ళు పోయిన ఆ జనం ఒకే ఇసుకదిబ్బ మీద చిక్కుకున్నారు.

ఇవతల కావలి నాయకుడు గబగబా గొలుసులు విప్పాడు. "పిన్నీ, రాజుగారు," అన్నాడు.

"రాజుగారికైతే గొలుసు ఊడిందే," అంది సన్నెమ్మ. అంతకు మించి అక్కడ నిలబడి మాట్లాడలేదు. ఆ వరదలోకి వెళ్ళడానికి ఆమె పడవ తప్ప మరేదీ పనికిరాదు. పడవ తోసుకుని వెళ్ళింది.

పడవ దిబ్బకు తగిలేసరికి రాజు అందరినీ నెట్టుకుని ముందుకొచ్చాడు. సన్నెమ్మ గెడ అడ్డం పెట్టింది.

"ఎవరివయ్యా?"

"కనబడడం లేదా? దిక్కులేలేవాణ్ణి."

"అలాగైతే నీకు తొందర లేదు." ఆమె వెనకవాళ్ళ వైపు తిరిగింది. "మీరెవరమ్మా?"

"దిక్కులేనివాళ్ళం పిన్నీ."

"ఎక్కండి."

పిల్లలూ తల్లులూ ఎక్కారు. పడవ వెళ్ళిపోయింది.

రెండోసారి వచ్చేసరికి నీరు మోకాళ్ళ పైకి వచ్చింది. "నీ తల తీయిస్తాను," అని అరిచాడు రాజు.

"తీయిద్దువుగాని. దానికైనా నువ్వు ఒడ్డుకు రావాలిగా. ఎవరివయ్యా?"

రాజు పళ్ళు కొరికాడు. ఆయన నోరు తెరిచేలోపే పక్క నుంచి ఒక కేక వినబడింది.

"దిక్కులేనివాణ్ణి పిన్నీ. దిక్కులేనివాణ్ణి."

ఎవరనుకున్నారు? శ్రుతకీర్తి. పినాకాన్ని దించినవాడు, అక్షరం మార్చినవాడు, పోలమ్మను చెవిటిదాన్ని చేసినవాడు. ఏ వ్యాకరణం అడ్డు రాలేదు. సన్నెమ్మ అతణ్ణి కూడా ఎక్కించుకుంది. అడిగినవాణ్ణి కాదనే అలవాటు ఆ వంశానికి లేదు.

మూడోసారికి దిబ్బ మీద ఇద్దరే మిగిలారు. ఒకరు రాజు. ఇంకొకరు ఇందాకటి ముసలామె. ముందు అందరినీ ఎక్కించి తాను ఆగిపోయింది. నీరు నడుము దాటింది. ఆమె కాళ్ళు నిలవక రాజు నడికట్టు పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు. కాసేపటికి ఎవరిని ఎవరు పట్టుకున్నారో తెలియకుండా ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. కిరీటం ఎప్పుడు కొట్టుకుపోయిందో రాజు చూసుకోలేదు.

పడవ వచ్చింది. "ఎవరివయ్యా?" అంది సన్నెమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

రాజు ముసలామె వైపు చూశాడు. "మేము దిక్కులేనివాళ్ళం పిన్నీ," అన్నాడు. "ముందు ఈమె చెయ్యి పట్టుకో."

ఇద్దరూ ఇవతలి ఒడ్డు చేరారు.

వరద తీశాక రాజు ఒక బంగారు కడియం పంపాడు. సన్నెమ్మ తిప్పి పంపింది. "గొలుసులు రేవులో ఇంకా పడున్నాయి, ముందు వాటిని తీయించమను," అని కబురు పెట్టింది. రాజు తీయించాడు. ఊళ్ళు పోయినవాళ్ళకు కోట సావిళ్ళు తెరిపించాడు. ఊరికి పాత పేరు తిరిగి వచ్చింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కాని శ్రుతకీర్తి ఊరుకుంటాడా? నిండు కొలువులో లేచి కొత్త చరిత్ర చదివాడు. అందులో రాజుగారు వరదకు ఎదురీది, జనాన్ని భుజాల మీద మోసి ఒడ్డుకు చేర్చారు. పద్యం పద్యానికీ పెద్దమనుషులు తలలూపారు.

రాజు చాలాసేపు విన్నాడు. తరవాత అడిగాడు.

"పండితా, రెండో పడవ ఎక్కేటప్పుడు నువ్వేమన్నావు?"

శ్రుతకీర్తి తాటాకుల కట్ట మూయబోయాడు.

"అది రాయి," అన్నాడు రాజు. "వేడుక అయ్యేదాకా దూరంగా పొమ్మన్నాను, అదీ రాయి. నా గొలుసుల వల్ల ఇసుకలో ఒక పసిపిల్ల పోయింది. వాళ్ళమ్మను అడిగి ఆ పిల్ల పేరు తెలుసుకుని, ముందు ఆ పేరు రాయి. ఆ తరవాతే నా పేరు."

కొలువులో ఎవరూ తలూపలేదు. పండితుడు గంటం తీసుకుని ఆ తల్లిని వెతుక్కుంటూ వెళ్ళాడు.

కాబట్టి పిల్లలూ, ఎవరి చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కామో దాచిపెట్టి గొప్పలు చెప్పుకునేవాళ్ళు, రేపు తమలాగే చెయ్యి చాచినవాళ్ళను ఏట్లో వదిలేస్తారు.