చివరి చెంబు

“నా రాజ్యంలో చన్నీళ్లకు వణికే ఇల్లు ఒక్కటి మిగిలినా, నేనూ చన్నీళ్లే పోసుకుంటాను.”

అనగా అనగా, మాట రాగి కంటే బరువుగా తూగే రోజుల్లో, మంచుగిరి రాజు చంద్రకేతుడు తన పట్టాభిషేకం నాడు అన్న మాట అది. జనం చప్పట్లు కొట్టారు. ఆస్థాన కవులు పద్యాలు అల్లారు. మర్నాడే ఊరూరా దండోరా మోగింది.

“సొట్టలు పడ్డ కాగులు, కారుతున్న కాగులు కోటకు తెచ్చి ఇవ్వండహో. కార్తీకం వెళ్లేలోపు ఇంటింటికీ కొత్త కాగు వస్తుందహో.”

జనం నమ్మారు. తాతల నాటి నుంచి నీళ్ల పొయ్యి మీద కూర్చున్న రాగి కాగుల్ని నెత్తిన పెట్టుకుని మోసుకెళ్లి ఇచ్చారు. కార్తీకం వెళ్లింది. మార్గశిరమూ వెళ్లింది. కొత్త కాగు ఒక్క గడపా తొక్కలేదు. కోటలో మాత్రం రాజుగారికి రాగిరేకుల జలక మండపం లేచింది. దాని గొట్టంలోంచి పొద్దస్తమానం ఆవిరి పైకి పోతుంటే, కొండ వీథి జనం ముక్కులు తుడుచుకుంటూ తలెత్తి చూసేవారు.

ఆ కొండ వీథిలో అన్నిటికంటే చివరి ఇల్లు తాయారుది. ఇంట్లో అన్న, వదిన మంగ, నాయనమ్మ పేరిందేవి. మంగకు నెలలు నిండాయి. బయట పుష్యమాసపు చలి కొరికేస్తోంది. బాలింతకూ పసిబిడ్డకూ వేడినీళ్లు లేకపోతే ఆ చలిలో గండం గడవడం కష్టం. కాగు పోయాక ఇన్నాళ్లూ ఒక మట్టి కుండలో నీళ్లు కాచుకున్నారు. ఆ ఉదయం అదీ పగిలి, పొయ్యి ఆరిపోయింది.

తాయారుకు కాలు ఒకచోట నిలవలేదు. వాకిట్లోకి వెళ్లింది, పెరట్లోకి వచ్చింది, మళ్లీ వాకిట్లోకి వెళ్లింది.

“వేడినీళ్లు రాజుగారి దయ కాదు నాయనమ్మా, మన హక్కు,” అంది.

“సరేలేవే. ఆ హక్కును ఏ గిన్నెలో పోసి కాచమంటావు?”

“మన రాగి కరిగించి ఆయన మండపం కట్టుకున్నాడు. దానం వద్దు, న్యాయం కావాలి.”

“మాట బాగుంది. పుట్టబోయే పిల్లకు దాంతోనే నీళ్లు పోద్దాం.”

మంగ పొట్ట పట్టుకుని నవ్వింది. “అత్తాకోడళ్లలాగా కీచులాడుకుంటూ నన్ను నవ్వించకండి. ఇప్పుడే నొప్పులొస్తే ఆ పాపం మీదే.”

తాయారు నవ్వలేదు. గోడవారగా నాయనమ్మ స్నానానికి పెట్టుకున్న నీళ్ల తొట్టి కనిపించింది. ఆ ఇంట్లో పొలానికి వెళ్లేవాడు ముందు, తర్వాత మిగతావాళ్లు, అందరి వెనకా నాయనమ్మ పోసుకునేది. “నాకేముంది, చివర మిగిలిన చెంబు చాలు,” అనడం ఆమెకు అలవాటు. ఆ చివరి నీళ్లు ఎలా ఉంటాయో ఇంట్లో ఎవరూ అడగలేదు. తాయారు వంగి అందులో చేయి పెట్టింది. చలి ఎముకలోకి పాకింది.

ఆమె చేయి తుడుచుకుని లేచింది. కాళ్ల వెండి కడియాలు తీసి కొంగున ముడి వేసుకుంది. సంతలో కాగుకు బదులు ఇవ్వడానికి ఆ ఇంట్లో మిగిలింది అవే. పనికిరాని కాగు తెస్తే మార్చుకోవడానికి ఇంకో జత లేదు.

సంతలో మొదటి వర్తకుడి కాగు ఇత్తడిది. నెమలి పిడులు, లతల చెక్కుళ్లు, ఎండకు కళ్లు చెదిరేలా మెరుస్తోంది.

“రాణివాసంలో ఉన్నది దీని అక్కే తల్లీ,” అన్నాడు వర్తకుడు ఉంగరాల చేయి తిప్పుతూ. “మొదటి చెంబు తీశావంటే చేయి కాలాలి.”

“మరి చివరి చెంబు?”

 ఆ ప్రశ్న అంతవరకూ వర్తకుణ్ని ఎవరూ అడగలేదు.

“నిప్పు వేసి చూపించండి,” అంది తాయారు. “వచ్చినవాళ్లందరూ తలో చెంబు తీసుకోనీయండి. ఆఖరిది నేను తీసుకుంటాను.”

వేడినీళ్లంటే ఆ రోజుల్లో ఎవరికి చేదు? సంత జనమంతా మూగారు. మొదటివాడు అబ్బా అని చేయి విదిలించాడు. నడుమ ఉన్నవాళ్లు ఫరవాలేదన్నారు. పలచటి రేకు కావడంతో పెట్టిన వేడి పెట్టినట్టే పోయింది. తాయారు వంతు వచ్చేసరికి నీళ్లు చల్లబడ్డాయి.

“చివరి చెంబు ఎవరు చూస్తారు తల్లీ?” అన్నాడు వర్తకుడు నొచ్చుకుని.

“మా నాయనమ్మ,” అని ముందుకు నడిచింది.

రెండో వర్తకుడి కాగు ఇనుపది. ఏనుగంత ఉంది. మూతకు తాళం, పొయ్యి తలుపుకు తాళం.

“ఊరు ఊరంతా పోసుకున్నా తరగదు,” అన్నాడతను. “ఒక్కటే నియమం. మా అడవి కట్టే వేయాలి. ఇంకో కట్టె వేస్తే అడుగు పగులుతుంది.”

“అంటే మా పొయ్యి తాళంచెవి మీ నడుముకు ఉంటుందన్నమాట.”

“అలా కోపంగా చూస్తావేం? మంచి పనికి ఓపిక కావాలి.”

బండెడు కట్టె మండింది. నీడలు ఇటు నుంచి అటు తిరిగాయి. నీళ్లు ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు. చెంబులు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

“ఓపిక మాకుంది. మా వదిన కడుపులో బిడ్డకు లేదు,” అని తాయారు అక్కణ్నుంచీ కదిలింది. పొద్దు వాలుతోంది. ఆమె అడుగులు పరుగులయ్యాయి. ఒట్టి చేతులతో ఇంటికి ఎలా వెళ్లడం?

సంత చివర ఒకతను జొన్నరొట్టె తింటూ కూర్చున్నాడు. పక్కన అతుకు వేసిన రాగి కాగు. దాని నడుమ నిలువునా ఒక గొట్టం, గొట్టంలో నిప్పు. పైన నీళ్లు పోసే గరాటు, పక్కన నీళ్లు వచ్చే ముక్కు.

“దీని గొప్పేమిటి?” అంది తాయారు.

“గొప్పేమీ లేదు. తిక్కది,” అన్నాడతను నములుతూనే. “ఒక చెంబు చన్నీళ్లు పోస్తేనే ఒక చెంబు వేడినీళ్లు ఇస్తుంది. పోయకపోతే ఎంతటివాడికైనా చుక్క రాల్చదు. ఇదిగో, ఇక్కడ అతుకు. కొన్నాక చెప్పలేదనకు.”

“చివరి చెంబు ఎలా ఉంటుంది?”

“చివర ఎవరున్నారో దానికి తెలియదమ్మా. నిప్పున్నంతసేపు అందరికీ ఒకటే.”

గుప్పెడు కందికట్టె వేశాడు. జనం మళ్లీ వరస కట్టారు. ఒకరు పోశారు, తీసుకున్నారు. ఇంకొకరు పోశారు, తీసుకున్నారు. ఒక్కొక్కరికీ తమ ముందువాళ్లు పోసిన నీళ్లే వేడెక్కి వచ్చాయి. ఆఖరున తాయారు ఒక చెంబు పోసి, వచ్చిన నీళ్లలో చేయి పెట్టి, గబుక్కున వెనక్కి లాక్కుంది.

వెండి కడియాలు చేతులు మారాయి.

కాగు ఇల్లు చేరిన వారంలోనే మంగకు ఆడపిల్ల పుట్టింది. పేరిందేవి కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. పిల్ల కెవ్వుమని ఏడ్చి, ఏడుస్తూనే నిద్రపోయింది. పురిటి స్నానం నాడు మంగకు తృప్తిగా తలకు పోశారు. అందరిదీ అయ్యాక ఎప్పటిలాగే నాయనమ్మ వంతు వచ్చింది. తాయారు గరాటులో పోసి, ముక్కు కింద చెంబు పట్టి, ఆ నీళ్లు నాయనమ్మ వీపు మీద పోసింది. 

“ఇంకో చెంబు పొయ్యవే,” అంది ముసలామె. ఆ ఇంటికి వచ్చాక ఆమె ఇంకోటి అడగడం అదే మొదలు.

కబురు వీథంతా పాకింది. ఒకరు చెంబుతో వచ్చారు, ఒకరు కట్టెపుల్లతో వచ్చారు. పోసి, తీసుకుని వెళ్లారు. అయినా తాయారు కాలు మళ్లీ ఒకచోట నిలవలేదు. వీథికంతా ఒక్క కాగు, వంతు రాని ఇళ్లకు ఇంకా చన్నీళ్లే. కోట మీద అదే ఆవిరి.

పుష్య పౌర్ణమి నాడు ఆమె ఒక చెంబుడు చన్నీళ్లు తీసుకుని కోటకు బయల్దేరింది. వెనక కొండ వీథి మొత్తం నడిచింది. జలక మండపం మెట్ల మీద రాజు ఎదురయ్యాడు.

“ఇవి వరసలో చివరి ఇంటి నీళ్లు మహారాజా. మా వీథిలో వంతు రానివాళ్లు ఇంకా ఇవే పోసుకుంటున్నారు. ఒకసారి చేయి పెట్టి చూడండి.”

రాజు వేలి కొస ముంచి, వెంటనే తీసి, పట్టు ఉత్తరీయానికి తుడుచుకున్నాడు. మంత్రి అడ్డం వచ్చాడు.

“కొత్త కాగులు త్వరలోనే వస్తాయి.”

“త్వరలో అంటే పంచాంగంలో ఏ తిథి మంత్రిగారూ?”

వెనక నుంచి కిసుక్కున నవ్వులు వినిపించాయి.

“ప్రభువును గడువు అడగడం మర్యాద కాదమ్మాయీ.”

“చలికి మర్యాద తెలియదండి,” అంది తాయారు. తర్వాత రాజు వైపు తిరిగింది. “రథసప్తమి పొద్దు పొడిచేలోపు మా రాగి మా ఇళ్లకు రావాలి. రాకపోతే మీ మాట మీరే నిలుపుకోండి. జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని, ఏటి రేవులో, మాతోపాటు చన్నీళ్లలో మునగండి. రెంటిలో ఏది చేస్తారో చెప్పండి.”

ఆమె చెంబును మండపం మెట్టు మీద పెట్టి వెనుదిరిగింది. రాజు ఏమన్నాడని అడగకండి పిల్లలూ. ఆయన ఇంకా ఏమీ అనలేదు. ఆ చెంబు ఇంకా ఆ మెట్టు మీదే ఉంది.

ఇంటికి కాగునైనా, రాజ్యానికి రాజునైనా, మొదటి చెంబు చూసి మెచ్చుకోకూడదు, చివరి చెంబులో చేయి పెట్టి చూడాలి. జవాబుకు గడువు రథసప్తమి, సూర్యోదయం.