ఎలోదియా జవాబు

మెక్సికోలోని ఆ కొండ ఊరి బడికి పాఠాలు చెప్పడానికి వచ్చిన దగ్గర్నుంచీ వకుళకి కాలు ఒకచోట నిలవడం లేదు. తెనాలి నుంచి ఇంత దూరం వచ్చింది కూర్చోడానికా? జీతం లేని కొలువే కానీ, పాఠం మాత్రం పరుగులు పెట్టేది. ప్రశ్న అడిగితే ఒక్క గొంతూ లేవదు. ఇక లాభం లేదని జవాబూ తనే చెప్పేసి ముందుకు పోయేది.

అందరిలోకీ ఎలోదియా మరీనూ. పదేళ్ళ పిల్ల. ఇంట్లో మాట్లాడేది కొండ భాష, బడిలో వినేది స్పానిష్. ఏమడిగినా కళ్ళప్పగించి చూస్తుంది, అంతే.

ఆ పొద్దున కూడా అంతే అయింది. "తడిబట్ట ఎందుకు ఆరుతుంది, ఎలోదియా?" అంది వకుళ. ఆ పిల్ల పెదవి కదిలిందో లేదో, "నీళ్ళు ఆవిరవుతాయి కనక" అని తనే చెప్పేసి, బోర్డు తుడిచేసింది.

గంట కొట్టగానే సిస్టర్ రెజీనా దగ్గరికి వెళ్ళింది. ఆవిడది ఫిరంగిపురం. ఎన్నో ఏళ్ళుగా ఆ బడిని నడుపుతున్నారు. వకుళకి పాఠం చెప్పడం నేర్పిందీ ఆవిడే.

"సిస్టర్, ఎలోదియాని వచ్చే ఏడు కూడా ఇదే తరగతిలో ఉంచేద్దాం. సాయంత్రం వాళ్ళమ్మ వస్తుందిగా, చెప్పేస్తాను."

"ఉంచితే ఆవిడ బడి మాన్పించేస్తుంది. అక్కతోపాటు టమాటా తోటల్లో పనికి పోతుంది పిల్ల."

"నాకు మాత్రం సరదానా సిస్టర్? నోరు తెరిస్తేగా ఏం వచ్చో తెలిసేది!"

సిస్టర్ చేతిలో పుస్తకం మూసి లేచారు. "రా, తిందాం" అన్నారు.

మొక్కజొన్న రొట్టెలూ, నల్ల చిక్కుళ్ళ పులుసూ. వకుళ ఇంకా పీట మీద కుదురుకోనే లేదు.

"పులుసులో ఉప్పు సరిపోయిందా? సరిపోయింది" అన్నారు సిస్టర్.

వకుళ తలెత్తింది.

"మిరపకాయ కావాలా? వద్దులే, మంట. రాత్రి నిద్ర పట్టిందా? పట్టే ఉంటుంది."

ఈవిడకివాళ ఏమైంది అనుకుంది వకుళ.

"మీ అమ్మ కంటి ఆపరేషన్ అయిందా? అయ్యే ఉంటుందిలే."

వకుళ చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. పొద్దున ఇంటి నుంచి ఫోను వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ధ్యాసంతా ఆ సంగతి మీదే ఉంది.

"సిస్టర్! నన్ను చెప్పనివ్వరేం?"

సిస్టర్ కంచం పక్కకి జరిపి, ఆమెకేసి తిరిగి కూర్చున్నారు.

"చెప్పమ్మా."

తీరా చెప్పమంటే మాట రాలేదు. సిస్టర్ తొందరపెట్టలేదు. రొట్టె చల్లారిపోయింది.

"అవలేదు సిస్టర్" అంది చివరికి. "నేను పక్కన లేకుండా వద్దందట." అంటూనే ఏడ్చేసింది. సిస్టర్ చేయి పట్టుకుని కూర్చున్నారు, గంట కొట్టేదాకా.

మధ్యాహ్నం తరగతిలో వకుళ మొహం కడుక్కుని నిలబడింది.

"ఎలోదియా, మధ్యాహ్నం మన నీడ ఎందుకు పొట్టిదవుతుంది?"

పిల్ల చూసింది. బయట గ్యాస్ బండివాడు కేక వేసుకుంటూ పోయాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. వకుళకి నాలుక చివర దురద పుట్టింది. ఒక్క మాట, చెప్పేస్తే పోతుంది. పెదవులు బిగబట్టి, కుర్చీ లాక్కుని ఆ పిల్లకేసి తిరిగి కూర్చుంది.

ఎలోదియా తన భాషలో ఏదో గొణుక్కుంది. ఆగింది. తర్వాత స్పానిష్‌లో, ఒక్కో మాటే వెతుక్కుంటూ అంది:

"సూర్యుడు నెత్తిమీదికి వస్తాడు టీచర్. ఇక నీడకి కాళ్ళ కింద తప్ప చోటుండదు."

తరగతి విడిచిపెట్టేసరికి వాళ్ళమ్మ వచ్చి సిస్టర్ పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. వకుళ నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్ళింది. "పై తరగతికే పంపుతున్నామమ్మా" అని స్పానిష్‌లో చెప్పింది. ఆ తల్లి నమ్మలేనట్టు సిస్టర్ వైపు చూసింది. సిస్టర్ తలూపారు.

వకుళ ఇక ఆగలేకపోయింది.

"ఎలోదియా చెప్పింది సిస్టర్! ఇన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాను, ఇవాళ చెప్పింది!"

"కాదమ్మా" అన్నారు సిస్టర్ రెజీనా. "ఇవాళ అడిగావు."