పోర్తవెల్ల మొలతాడు మాత

మధ్యధరా సముద్రపు ఒడ్డున, ఇటలీ దేశపు దక్షిణపు కొసన, పోర్తవెల్ల అనే చిన్న రేవు ఊరు ఉన్నది. సున్నం కొట్టిన ఇళ్లు కొండవాలు పొడుగునా ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. బస్సు దిగి, నిమ్మకాయ ఐసు అమ్మే దుకాణాలు దాటి, నూట పన్నెండు మెట్లు ఎక్కితే కొండకొమ్మున చిన్న రాతిగుడి కనబడుతుంది. మోకాళ్ల నొప్పులవారు కంగారు పడనక్కరలేదు, అరవయ్యో మెట్టు దగ్గర కూర్చోవడానికి అరుగు ఉన్నది. గుడిలో మూరెడు ఎత్తు చెక్క మేరీమాత, ఆమె పాదాల చెంత అద్దాల పెట్టె, ఆ పెట్టెలో రంగు వెలిసిన నల్లటి మొలతాడు. ఆ దేశంలో ఏ మగవాడూ నడుముకు కట్టుకోని వస్తువు ఆ తల్లి పాదాల దగ్గరికి ఎలా చేరిందని యాత్రికులు అడుగుతూ ఉంటారు. అడగకుండా ఫొటో తీసుకుని దిగిపోయేవారూ లేకపోలేదు. ఈ పుస్తకం వారి కోసం రాసింది కాదు.

పూర్వం ఇక్కడికి దానమ్మ అనే ఆమె వచ్చింది. పూర్వం అంటే కృతయుగమూ కాదు, త్రేతాయుగమూ కాదు, పద్దెనిమిదేళ్ల కిందటి మాట. దానమ్మది భీమిలికి ఎగువన ఉన్న ఒక బెస్తపల్లె. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. తల్లి పనికి పోతే తమ్ముడు ఎల్లాజీని చంకనేసుకుని పెంచింది ఆమే. వాడు చెట్టంతవాడై, పెద్ద ఓడలో కళాసీ ఉద్యోగం దొరికిందని సంబరంగా వెళ్లాడు. రెండేళ్లు తిరగకుండానే ఆ ఓడ పోర్తవెల్లకు పన్నెండు మైళ్ల దూరాన తుఫానులో మునిగిపోయిందని, మనిషి దొరకలేదని కాగితం వచ్చింది.

ఆ పల్లెలో ఒక నమ్మకం ఉన్నది. ఉప్పునీటిలో పోయినవాడు దాహంతో పోతాడు. అయినవాళ్లు వెళ్లి, పేరు పెట్టి పిలిచి, గుక్కెడు మంచినీళ్లు పోసేదాకా వాడి గొంతు తడవదు. పేరు పిలవకుండా పోసిన నీళ్లు ఇసుక పాలే. మన సముద్రంలో పోయినవాడికైతే ఒడ్డున నిలబడి పోస్తారు. ఏడు సముద్రాల అవతల పోయినవాడికి ఎవరు పోస్తారు? తల్లి ఆ దిగులుతోనే మంచం పట్టి పోయింది. పోతూ పోతూ దానమ్మ చెయ్యి పట్టుకుని, "ఆడికి నీళ్లొయ్యే" అన్నది.

అక్కడి నుంచి కలలు మొదలయ్యాయి. తమ్ముడు తడిబట్టలతో గుమ్మంలో నిలబడి "అప్పా, దాహమేస్తంది" అనేవాడు. చెంబు అందించబోయేసరికి మెలకువ వచ్చేది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఒకనాటి తెల్లవారుజామున కలలోకి తల్లి వచ్చి, "ఆడు ఇక్కడికి రాలేడే, నువ్వే ఎల్లు" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ వారంలోనే విశాఖపట్నంలో యూరపు యాత్రకు మనుషులను చేర్చుకుంటున్నారని తెలిసింది. వాళ్లు వెళ్లే ఊళ్ల పట్టీని బడి పంతులు చదివి వినిపిస్తుంటే పోర్తవెల్ల పేరు రానే వచ్చింది. దైవసంకల్పం కాకపోతే ఏమిటిది! రోము చూడాలని, ఒరిగిన గోపురం చూడాలని నలభైమంది బయలుదేరారు. దానమ్మ మాత్రం తమ్ముడి చావుకు వచ్చిన పరిహారం కట్టి, ఇంటి బావినీళ్లు ఇత్తడి చెంబులో నింపి, మూతికి గుడ్డ కట్టి బయలుదేరింది.

ఇక్కడొక పొరపాటు జరిగింది. యాత్ర నడిపించే ఫణికుమార్ ఆ చెంబును పెట్టెలో సర్దెయ్యమని ముందే చెప్పాడు. ఆమె వినలేదు. "సచ్చినోడి నీళ్లు సామాన్లలో ఇసిరేత్తారా బాబూ, నా ఒళ్లోనే ఉంటాది" అన్నది. విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఆపేశారు. నీళ్లు పారబోస్తేనే లోపలికి రానిస్తామన్నారు. ఫణికుమార్ బతిమాలాడు, దానమ్మ వాళ్ల కాళ్లు పట్టుకోబోయింది. చట్టం చట్టమే కదా. ఇంటి బావినీళ్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి పోయాయి, ఖాళీ చెంబుతో దానమ్మ విమానం ఎక్కింది. తనను తాను తిట్టుకోని పూట లేదు.

పోర్తవెల్లలో బస్సు ఆగింది గంటన్నరే. భోజనం, ఫొటోలు, ఎవరి తొందర వారిది. ఆడవాళ్లు చీరలు పైకి దోపుకుని అలల్లోకి పరుగెత్తారు. దానమ్మ కొండ మీది గుడిని చూసింది. గుడి అన్నాక కాళ్లు కడుక్కోవడానికి కొళాయి ఉండకపోతుందా, ఆ నీళ్లే పట్టుకుందామని గబగబా మెట్లెక్కింది. ముసలమ్మ దారి తప్పితే తన ప్రాణానికి వస్తుందని ఫణికుమార్ వెనకే ఎక్కాడు.

కొళాయి లేదు. గుడిలో నల్లగౌను తొడుక్కున్న ఒక వృద్ధురాలు చీపురుతో ఇసుక ఊడుస్తున్నది. ఆమె పేరు అస్సుంత. దానమ్మ చెంబు బోర్లించి చూపి, దోసిలి పట్టింది. అడిగేది ఏమిటో ఏ దేశపు ఆడదానికైనా తెలుస్తుంది. అస్సుంత చెంబు అందుకుని, నీళ్లు తేవడానికి పక్కనే ఉన్న తన ఇంటికి వెళ్లింది.

అప్పుడు దానమ్మ చూపు అద్దాల పెట్టె మీద పడింది. మూడు పేటల నల్లదారం, వలకు వేసే ముడి, నడుమ రాగి తాయెత్తు. ఆ తాయెత్తు మూత ఊడిపోతే లక్క కరిగించి అతికించింది తానే. ఓడెక్కే ముందురోజు తమ్ముడి నడుముకు కట్టింది తానే. ఆ పెట్టె ముందే కూర్చుండిపోయింది.

అస్సుంత నీళ్లతో తిరిగి వచ్చి, ఆమె పెట్టెకేసి చూస్తున్నదని గ్రహించి, ఎదురుగా కూర్చుని చెప్పసాగింది. ఆమెకు కర్మేలో అని ఒక్కడే కొడుకు. తొమ్మిదేళ్ల కిందటి తుఫానులో చేపలవేటకు పోయి తిరిగి రాలేదు. పదో రోజున ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చింది. ముఖం ఆనవాలు పట్టేలా లేదు. నడుము చుట్టూ ఈ తాడు ఉన్నది. ఇలాంటి తాడు ఆ ఊళ్లో కనీవినీ ఎరుగరు. మేరీమాతే తన బిడ్డ నడుముకు తాడు కట్టి ఒడ్డుకు లాగి తెచ్చిందని అస్సుంత అన్నది. ఊరంతా అవునన్నది. ఫాదరుగారు తాడును మాత పాదాల దగ్గర పెట్టించారు, శవాన్ని గుడి వెనకాల పూడ్చారు. నాటి నుంచి రోజూ ఆ సమాధి కడిగి, గ్లాసుడు మంచినీళ్లు పెట్టి, ఆ తరువాతే అస్సుంత తన నోట ఏదైనా వేసుకునేది.

యాత్రలు తిప్పీ తిప్పీ ఆ దేశపు భాష పట్టుబడిన ఫణికుమార్ ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతుంటే దానమ్మ కళ్లు ధారలు కట్టాయి. ఏం చెయ్యాలి? ఈ తాడు నాది, ఆ మట్టిలో ఉన్నది నా తమ్ముడు అని ఒక్క మాట చెబితే చాలు. ఎల్లాజీని పేరు పెట్టి పిలిచి నీళ్లు పోయవచ్చు. తల్లికి ఇచ్చిన మాట తీరుతుంది. కాని ఆ మాటతో ఎదుట కూర్చున్న ముసలితల్లికి కొడుకు రెండోసారి పోతాడు, ఈసారి సమాధి కూడా మిగలదు. నోటిదాకా వచ్చిన పేరును ఆమె మింగేసింది.

ఎందుకు ఏడుస్తున్నావమ్మా అని అస్సుంత అడిగించింది.

"ఈయమ్మ కొడుక్కి నానూ నీళ్లొత్తానని సెప్పు బాబూ" అన్నది దానమ్మ.

గుడి వెనక్కి వెళ్లారు. దానమ్మ సమాధి తలవైపు మోకాళ్ల మీద కూర్చుని చెంబు వంచింది. పేరు పిలవాలి. అస్సుంత పక్కనే నిలబడి ఉన్నది. "కర్మేలో, తాగు నాయనా" అన్నది దానమ్మ. ముసలమ్మ వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది.

బస్సులో సంగతంతా ఫణికుమార్‌కు చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇంత దూరమొచ్చి ఆడి పేరెట్టి పిలవలేకపోనాను బాబూ. ఆడికి అందిందో లేదో!" ఎవ్వరికీ చెప్పనని అతను ఒట్టు వేశాడు.

ఫణికుమార్ ఏటా యాత్రికులను తీసుకుని పోర్తవెల్ల వెళ్లేవాడు, అస్సుంతను పలకరించేవాడు. ఆమె ఏమీ అడిగేది కాదు. అయిదో ఏట వెళ్లేసరికి మంచం మీద ఉన్నది. అతన్ని దగ్గరికి పిలిచి, "ఆ అమ్మ పోగొట్టుకున్న బిడ్డ పేరేమిటి?" అని అడిగింది.

"కర్మేలో ఎడమకాలు చిన్నప్పుడే విరిగి వంకరగా అతుక్కుంది. ఒడ్డుకు వచ్చినవాడి కాళ్లు రెండూ తిన్నగా ఉన్నాయి. మొదటి రోజే నాకు తెలుసు నాయనా" అన్నది అస్సుంత. "నా బిడ్డను సముద్రం ఇవ్వలేదు. ఈ బిడ్డ కోసం ఎవరూ రాలేదు. అందుకని ఉంచుకున్నాను. ఆమె వచ్చింది, తాడు చూసి ఏడ్చింది, అడగకుండా వెళ్లిపోయింది. నేనూ చెప్పలేకపోయాను. చెబితే ఒంటరిదాన్ని అయిపోతానని భయపడ్డాను. ఆ పేరు నాకు నేర్పు."

అతను నేర్పాడు. ఆమె నాలుక తిరగక నాలుగైదుసార్లు తప్పింది, మళ్లీ మళ్లీ చెప్పించుకున్నది. మర్నాడు పొద్దున్నే కుర్చీలో కూర్చోబెట్టుకుని సమాధి దగ్గరికి మోసుకెళ్లారు. ఊరంతా చూస్తుండగా, గ్లాసు వంచి, "ఎల్లాజీ, తాగు కన్నా" అన్నది. పద్నాలుగేళ్లకు ఆ పేరు ఆ మట్టి మీద వినబడింది. నాలుగు రోజులకే ఆమె కన్నుమూసింది. తాడు దానమ్మకు ఇచ్చెయ్యమని ఫాదరుగారికి చెప్పిపోయింది.

ఫణికుమార్ ఫోను చేసి దానమ్మకు చెప్పాడు. "తాడు ఆ తల్లి పాదాల కాడే ఉండనియ్యి బాబూ. ఇన్నేళ్లు ఆడికి నీళ్లొసింది ఆ ముసలమ్మే కదా" అన్నది. "మరి ఆవిడ కొడుకు ఇంకా నీళ్లల్లోనే ఉన్నాడు కదా. ఆడికిక ఎవరున్నారు? ఆడి పేరు ఓపాలి సరిగ్గా సెప్పు, నాను తప్పు పలుకుతున్నానేమో." ఆనాటి నుంచి ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఆమె భీమిలి ఒడ్డున నిలబడి, పొద్దున్నే చెంబుడు నీళ్లు పోస్తూ కర్మేలోను పిలిచేది. ఎల్లాజీ మళ్లీ కలలోకి రాలేదని చెప్పేది.

ఈ క్షేత్రంలో నేటికీ నడుస్తున్న ఆచారం అక్కడి నుంచి వచ్చినదే. గుడి వెనక సమాధి రాతి మీద ఇప్పుడు రెండు పేర్లూ చెక్కి ఉన్నాయి. అస్సుంత ఇంటి గడపలో కుండతో మంచినీళ్లు ఉంచుతారు. నీళ్లు పోసేవారు తమవారి పేరు తాము చెప్పరాదు. పక్కన నిలబడిన పరాయి మనిషిని అడిగి, వారు పోగొట్టుకున్నవారి పేరు పిలిచి పోయాలి. మీవారి పేరును ఆ మనిషి పిలుస్తారు. జాతి, మతం, భాష పట్టింపు లేదు. శవం దొరకనివారు, కడసారి చూపు దక్కనివారు ఇక్కడ నీళ్లు పోస్తే ఇంటికి వెళ్లి కంటినిండా నిద్రపోతారని ప్రతీతి. పరదేశపు పేర్లు మనకు వెంటనే పలకడం రాదు, మన పేర్లు వారికీ రావు. రాకపోతే మళ్లీ అడగవచ్చు. అక్కడ ఎవరూ విసుక్కోరు.