సొరుగులో ఉండిపోయిన ఉత్తరం

"కోచ్ తన జట్టు మేలు చూసుకోవడం తప్పా, మాస్టారూ?" అని అడిగింది హైమావతి.

వీరభద్రం మాస్టారు విజయనగరంలో ఒక మహిళా కళాశాలలో ముప్పై ఏళ్ళు వాలీబాల్ నేర్పి రిటైరయ్యారు. హైమావతి ఆయన దగ్గరే ఆట నేర్చుకుని, ఆయన తరువాత అక్కడే కోచ్‌గా చేరింది. ఆరేళ్ళుగా ఆమె జట్టు సెమీఫైనల్ మొహం చూడలేదు. ఈ ఏడు పైడితల్లి దొరికింది. స్మాష్ కొట్టేవాళ్ళకు అందేలా బంతిని ఎత్తిపెట్టే లిఫ్టర్ ఆ పిల్ల. బంతి ఆమె వేళ్ళకు తగిలిన చప్పుడే వినిపించేది కాదు. కాలేజీల పోటీలు మూడు వారాలున్నాయనగా, విశాఖపట్నంలోని ఒక శిక్షణ కేంద్రం నుంచి హైమావతి పేరిట ఉత్తరం వచ్చింది. పైడితల్లికి సీటు ఇస్తాం, హాస్టల్ ఇస్తాం, పది రోజుల్లో చేరాలి అని.

"నాలుగు రోజులైంది. పిల్లకింకా చెప్పలేదు. పోటీలయ్యాక చెబుదామని," అంది హైమావతి. "వచ్చే ఏడాది మళ్ళీ పిలవకపోతారా?"

 "రేపు ఆదివారం బొబ్బిలి వెళ్తున్నాను. నువ్వూ రామ్మా," అన్నారు మాస్టారు.

బొబ్బిలి బజారులో ఒక ఇరుకు కుట్టు దుకాణం. మిషన్ ముందు కూర్చున్న నలభై ఐదేళ్ళ మనిషి మాస్టార్ని చూసి లేచి, స్టూలు మీది గుడ్డలు తీసి కూర్చోమంది. టీ తెప్పించింది. ఆమె పేరు ఎస్తేరు అని మాస్టారు చెప్పాక హైమావతి పోల్చుకుంది. ఆ కళాశాల ఇన్నేళ్ళలో గెలిచిన ఒకే ఒక్క కప్పు పక్కన, ఫొటోలో, నవ్వకుండా నిలబడిన అమ్మాయి ఈమే.

"ఎస్తేరూ, ఈ ఏడైనా వస్తావా? మా పిల్లలకి లిఫ్టింగ్ నేర్పేవాళ్ళు లేరు," అన్నారు మాస్టారు.

"రాను సార్."

ఆ మాటలో కోపం లేదు. ఆయన తల ఊపి టీ తాగారు. హైమావతికి అర్థం కాక, "ఎందుకు రారండీ?" అంది.

ఎస్తేరు మాస్టారి వైపు చూసింది. ఆయన చెప్పమన్నట్టు చెయ్యి కదిపారు.

"ఆ కప్పు గెలిచిన ఏడు నాకు రాష్ట్ర జట్టు శిబిరం నుంచి పిలుపొచ్చిందండి. సార్ ఆ ఉత్తరం సొరుగులో పెట్టారు. ఫైనల్ గెలిచిన మర్నాడు చేతికిచ్చారు. అప్పటికి శిబిరం మొదలై వారమైపోయింది. మళ్ళీ ఎవరూ పిలవలేదు." దారం పంటితో తెంపి, నెమ్మదిగా అంది. "నాకు చెప్పి, ఉండమని అడిగుంటే ఉండిపోయేదాన్నేమో సార్. ఏమో."

మాస్టారు తల దించుకుని విన్నారు. లేచేటప్పుడు, "వచ్చే ఏడాది వస్తానమ్మా," అన్నారు. ఎస్తేరు గడప దాకా వచ్చి సాగనంపింది.

మర్నాడు పొద్దున్న ప్రాక్టీసు మొదలవకముందే హైమావతి పైడితల్లిని పక్కకు పిలిచి ఉత్తరం చేతిలో పెట్టింది. "ఇది వచ్చి ఆరు రోజులైంది. దాచాను, తప్పు నాదే. నువ్వుంటే మనం గెలుస్తామేమో. వెళ్తే నీకు మంచిది. ఏం చేస్తావో నువ్వే చెప్పు."

పైడితల్లి రెండు రోజులు ఆలోచించుకుంది. మూడో రోజు పెట్టె సర్దుకుంది. హైమావతే వెళ్ళి బస్సెక్కించి, అటునుంచటే మైదానానికొచ్చి, లిఫ్టర్ చోట కొత్తపిల్లని నిలబెట్టింది. ఆ పిల్ల ఎత్తిన బంతి అనుకున్న చోటికి వెళ్ళేది కాదు. రోజూ అయిదున్నరకే నెట్ కట్టారు. అయినా రెండో ఆటలోనే ఓడిపోయి ఇంటికొచ్చారు. ఆ మర్నాడు కూడా హైమావతి అయిదున్నరకే నెట్ కట్టింది.

ఏడాది గడిచాక మాస్టార్ని తనే బొబ్బిలి తీసుకెళ్ళింది. ఎస్తేరు టీ ఇచ్చింది. రానంది. తిరిగి వస్తూ బస్సులో హైమావతి అడిగింది. "ఆవిడ రాదని మీకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఎందుకు అడుగుతున్నారు మాస్టారూ?"



"అప్పుడు అడగలేదు కదమ్మా," అన్నారు మాస్టారు.